పోస్టింగ్ లద్దాఖ్‌కి, పిల్లలు సికింద్రాబాద్‌కి: కేంద్రీయ విద్యాలయం (కేవీ)లో ఏడాది మధ్యలో తీసుకుంటారా?

ఫౌజీ ఇల్లాలు:
మావారు ఆర్మీలో హవల్దార్. జోధ్‌పూర్ నుంచి లద్దాఖ్ వైపు పోస్టింగ్ వచ్చింది, నవంబర్‌లో రిపోర్ట్ చేయాలి. అక్కడికి ఫ్యామిలీని తీసుకెళ్లనివ్వరు. మా అత్తగారిల్లు అల్వాల్‌లో ఉంది, పిల్లల్ని తీసుకుని అక్కడికి వచ్చేద్దామనుకుంటున్నా. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి, ఇద్దరూ ఇక్కడి కేవీలోనే. ఈయన పోస్టింగ్ సికింద్రాబాద్‌కి కాదు కదా, అక్కడి కేవీ వాళ్లు ఒప్పుకుంటారా? పైగా పాపకి తెలుగు మాట్లాడటమే వచ్చు. మొన్న శుభలేఖ మీద వాళ్ల నాన్న పేరు కూడా చదవలేకపోయింది. అదో టెన్షన్.

మాజీ సుబేదార్, మార్కాపురం:
ఒప్పుకుంటారమ్మా. నాన్-ఫ్యామిలీ స్టేషన్‌కి వెళ్లే ఫౌజీ తన కుటుంబాన్ని ఎక్కడ ఉంచితే అక్కడి కేవీలో, కేవీ టీసీ మీద పిల్లల్ని చేర్చుకునే వెసులుబాటు కేవీ సంఘటన్ అడ్మిషన్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. సీట్లు లేవంటే ఆ పేరా ప్రింట్ తీసి చూపించండి. మూవ్‌మెంట్ ఆర్డర్ (కొత్త చోటికి బయలుదేరమనే ఉత్తర్వు) ఒక్కటే చాలదు. అది నాన్-ఫ్యామిలీ స్టేషన్ అనీ, కుటుంబం సికింద్రాబాద్‌లో ఉంటుందనీ కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో సర్టిఫికెట్ కావాలి. మీవారు బయలుదేరేలోపే హెడ్ క్లర్క్‌ని పట్టుకుని ఆ పని చేయించండి, లద్దాఖ్ చేరాక ఫోన్ కలవడమే గగనం. హాఫ్ ఇయర్లీ మార్కులు, అటెండెన్స్ కూడా రాయించుకోండి. కాగితాలు మాత్రం నల్లపెట్టెలో వేయకండి. మా ఆవిడ మార్క్‌షీట్లు అడుగున పెట్టి పైన కుక్కర్, గిన్నెలు సర్దింది. ఆ పెట్టెలేమో మేం దిగిన ఎన్నాళ్లకో వచ్చాయి!

టీచర్, బొల్లారం:
కేవీ నుంచి కేవీకైతే అవే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, మూడో భాష అదే సంస్కృతం. ప్రైవేట్ సీబీఎస్‌ఈలో వేస్తే తెలుగు ఎదురవుతుంది, 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బోర్డులకీ తప్పనిసరి చేశారు. అసలు ఇబ్బంది లెక్కల్లో. అక్కడ అయిపోయిన చాప్టర్ ఇక్కడ మళ్లీ మొదలవుతుంది, ఇక్కడ అయిపోయింది అక్కడ ముట్టుకునే ఉండరు. పాప నోట్సులు పారేయకుండా తెచ్చి టీచర్‌కి చూపించండి. ఒకవేళ కేవీలో కుదరక సర్కారు బడికి వెళ్లాల్సొస్తే, టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 అదే చెబుతుంది, ఎనిమిదో తరగతి దాకా.

నేవీ నాన్న, విశాఖ:
చెల్లెమ్మా, ఏడో తరగతి గండం గట్టెక్కుతుందిలే, తొమ్మిది నుంచి జాగ్రత్త. ఇంజనీరింగ్ సీట్లకి లోకల్ (స్థానిక) కోటా కిందికి రావాలంటే ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివుండాలి. మావాడు కొచ్చి, ముంబై తిరిగి ఎక్కడా లోకల్ కాలేదు. సైనికుల పిల్లలకి సీఏపీ కోటా 2 శాతం ఉంది గానీ, అందులో అమరుల పిల్లలు ముందు. అది న్యాయమే. మనలాంటివాళ్ల వంతు చివర్లో.

ఫౌజీ ఇల్లాలు:
సుబేదార్ గారూ, చాలా థాంక్స్. ఇద్దరు పిల్లలకీ ఒకే సర్టిఫికెట్ సరిపోతుందా?

మాజీ సుబేదార్, మార్కాపురం:
ఇద్దరి పేర్లూ, క్లాసులూ ఒకదాంట్లోనే రాయించి, రెండు ఒరిజినల్స్ తీసుకోండమ్మా. రౌండ్ సీల్ పడిందో లేదో అక్కడే చూసుకోండి.