అప్‌డేట్: నాన్నకి చివరికి టాబ్లెట్టే కొన్నా

పోయిన నెల అడిగాను కదా, రిటైరైన మా నాన్నకి 15 వేల లోపు టాబ్లెట్ కొనాలా, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనాలా అని. ఎక్కువమంది లాప్‌టాప్ అన్నారు. అయినా నేను టాబ్లెట్టే తీసుకున్నా, 11 అంగుళాలది.

మీలో ఒకరు "సిమ్ స్లాట్ ఉన్నదే తీసుకో" అన్నారు చూడండి, వారికి దండం. ఊళ్ళో వైఫై లేదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకోమంటే నాన్న రెండో రోజే మానేస్తారు.

ఇప్పుడు పొద్దున్నే పడక కుర్చీలో కూర్చుని, ఒళ్ళో దిండు, దాని మీద టాబ్లెట్. ఈ-పేపర్‌ని రెండు వేళ్ళతో సాగదీసి సినిమా పేజీ వదిలేసి మరీ చదువుతున్నారు. దిండు ఎందుకంటే, కవర్‌తో కలిపి అర కిలో పైనే ఉంది, చేత్తో పట్టుకుంటే పది నిమిషాల్లో మణికట్టు లాగుతుందట. ఈ సంగతి నేను అస్సలు ఆలోచించలేదు.

నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ (పెన్షన్ ఆగకుండా ఏటా ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) కూడా ముఖం చూపించి దీంట్లోనే చేద్దామనుకుంటున్నాం. దానికి ముందువైపు కెమెరా కనీసం 5 మెగాపిక్సెల్ ఉండాలి. ఓటీపీ మాత్రం ఆయన పాత ఫోన్‌కే వస్తుంది, కాబట్టి ఫోన్ మానేయొచ్చన్న నా ఆశ ఉత్తిదే.

చెల్లి దీంట్లో ఎక్సెల్ షీట్ చేయబోయి అరగంటలో విసిరికొట్టినంత పని చేసింది. దానికి వేరే లాప్‌టాప్ చూడాలి. ఆ ప్రశ్న విడిగా అడుగుతా.