అప్‌డేట్: పలాస జీడిపప్పు షాపులో టాలీ స్టాక్ లెక్క కుదిరింది

మా షాపులో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్ చూపించే స్టాక్‌కీ గోడౌన్‌లో సరుక్కీ పొంతన లేదు, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇప్పించాలా అని అడిగాను కదండీ. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అకౌంటెంట్ గారు వచ్చి పాత బిల్లులన్నీ తిరగేశారు. జీడిపిక్కలు 80 కేజీల బస్తాల్లో కొంటాం, పప్పు 10 కేజీల టిన్నుల్లో అమ్ముతాం. పొద్దున బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి పప్పుని కేజీల్లో ఎంట్రీ కొట్టేది, సాయంత్రం అబ్బాయి టిన్నుల్లో. అతను 2 కొడితే టాలీ 2 కేజీలే తీసేసేది! పైగా ఇద్దరిదీ ఒకే లాగిన్.

ఎవరి లాగిన్ వాళ్ళకివ్వమన్న సలహా, ఒకే సరుకుని కేజీల్లోనూ టిన్నుల్లోనూ లెక్కపెట్టే ఆల్టర్నేట్ యూనిట్స్ సెట్టింగ్, ఈ రెండే పనిచేశాయి. ఎవరు ఏ ఎంట్రీ మార్చారో చూపే ఎడిట్ లాగ్ చూసుకుని తప్పులు వాళ్ళే దిద్దుకుంటున్నారు. చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది.

మిగతా సలహాల్లో వచ్చిన కొత్త కంప్యూటర్, నెట్ స్పీడు, స్టాఫ్ ఇన్సెంటివ్‌లకి దీంతో సంబంధం లేదు. ట్రైనింగూ అక్కర్లేకపోయింది.