‘దేశోద్ధారక’లో ఉన్న ఉద్ధరణ, మనం తిట్టే ‘ఉద్ధరించావులే’

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు ముందు ‘దేశోద్ధారక’ అని చూసి మా అబ్బాయి నవ్వాడు. వాడి తప్పు లేదు. ఇంట్లో వాడి చెవిన పడేదల్లా “పొద్దుట్నుంచీ ఏం ఉద్ధరించావ్?”, “నువ్వు ఉద్ధరించింది చాల్లే” అనే మాటలే. బిరుదు కూడా వాడికి ఎత్తిపొడుపులా వినపడింది. నాకు మనసు చివుక్కుమంది.

వాణ్ణి పూజగదిలోకి తీసుకెళ్ళి పంచపాత్ర చూపించాను. అందులోంచి నీళ్ళు తీసే చిన్న చెంచా పేరు ఉద్ధరిణె. ‘ఉత్’ అంటే పైకి, ‘హరణ’ అంటే తీయడం. రెండూ కలిస్తే సంధిలో ఉద్ధరణ. అడుగున ఉన్న నీళ్ళు పైకొచ్చి అరచేతిలో పడతాయి, అంతే. శిథిలమైన గుడిని మళ్ళీ నిలబెడితే జీర్ణోద్ధరణ. ఒకరి మాటను ఉన్నదున్నట్టు తీసి రాసేటప్పుడు అటూ ఇటూ పెట్టేవి ఉద్ధరణ చిహ్నాలు.

పంతులుగారు చేసిందీ అచ్చంగా ఇదే. కొమర్రాజు లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాల దగ్గర ఆగింది. 1923లో ఆయన పోయారు. ఆగిపోయిన ఆ పనిని తన భుజాన వేసుకుని మళ్ళీ అచ్చుకు ఎక్కించింది పంతులుగారే. దాన్ని జీర్ణోద్ధరణ అనక ఇంకేమంటాం? 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మీద వచ్చిన డబ్బును 1908లో ఆంధ్రపత్రికలో పెట్టారు. అది మొదట వారపత్రిక, 1914 నుంచి మద్రాసులో దినపత్రిక. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక. రాజకీయాల్లో ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షులు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకూ వెళ్ళారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం చేసుకున్నది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. ఒడంబడికకూ అదే పేరు.

మరి అంత మంచి మాట తిట్టుగా ఎలా మారింది? నా ఊహ చెబుతాను. ఏమీ చేయనివాణ్ణి దెప్పడానికి పెద్ద పనికి వాడే మాటే వాడతాం. ‘ఘనకార్యం’ అలాగే అయింది. నిర్వహణకు చెందిన ‘నిర్వాకం’ అయితే ఇప్పుడు మంచి అర్థంలో అసలు వినపడదు. ‘ఉద్ధరించు’ ఇంకా అంత దూరం పోలేదు, జీర్ణోద్ధరణ దాన్ని పట్టుకుని ఉంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరైనా “ఫలానావాడు మా కుటుంబాన్ని ఉద్ధరించాడు” అని మెచ్చుకోలుగా అనడం విన్నారా? విన్న వాక్యం ఉన్నదున్నట్టు రాయండి.