టీ-34 మీద ఫ్లాక్‌వీర్లింగ్: టరెట్ సొంతంగా కట్టాలంటే? (1/35 స్కేల్ మోడల్)

శేరిలింగంపల్లి_స్ప్రూ:
రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ 653వ హెవీ ట్యాంక్ డిస్ట్రాయర్ బెటాలియన్, అంటే ఎలిఫెంట్లు (ట్యాంకులను వేటాడే భారీ బండ్లు) నడిపిన దళం, 1944లో తయారుచేసుకున్న విమాన విధ్వంసక బండి గురించి అడుగుతున్నాను. చేజిక్కిన రష్యన్ టీ-34 ట్యాంకు టరెట్ (తుపాకీ ఉండే తిరిగే గోపురం) తీసేసి, ఉక్కు పలకలతో పైకప్పు లేని టరెట్ వెల్డ్ చేసి, అందులో నాలుగు బ్యారెళ్ల 2 సెం.మీ. ఫ్లాక్‌వీర్లింగ్ 38 కూర్చోబెట్టారు. డ్రాగన్ మోడల్ కంపెనీ ఒకప్పుడు దీన్ని కిట్‌గా వేసింది కానీ ఇప్పుడు దొరకడం లేదు. దొరికినా ధర చూసి వెనక్కి తగ్గాల్సిందే.

చేతిలో ఉన్నవి టామియా కంపెనీ టీ-34/76 1943 మోడల్ కిట్, టామియా ఫ్లాక్‌వీర్లింగ్ కిట్. రెండూ పాత అచ్చులే. టరెట్ సొంతంగా కట్టాలి. నెట్‌లో దొరికిన ఫొటోలు కొద్దివే, ఒక్కటీ నేరుగా పక్కనుంచి తీసింది కాదు. పలకల కొలతలు ఎలా రాబట్టాలి? తుపాకీ కింద ఉన్న మూడు కాళ్ల పీట టీ-34 రింగులో (టరెట్ కూర్చునే గుండ్రటి కన్నం) పట్టేలా లేదు, దాన్నేం చేయాలి? ఇంకోటి, సన్నటి ప్లాస్టిక్ షీట్ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది? సన్‌బోర్డ్ సరిపోతుందని ఒక షాపులో అన్నారు, నమ్మకం కుదరడం లేదు.

కొలబద్ద_35:
ముందు కొలతల సంగతి. షీట్ కొనకముందే ఈ పని అయిపోవాలి.

టీ-34 రోడ్ వీల్ వ్యాసం 830 మి.మీ. 1/35లో 23.7. అందరూ దాన్నే కొలబద్దగా పట్టుకుని టరెట్ ఎత్తు లెక్కేస్తారు, తప్పు అక్కడే దొర్లుతుంది. చక్రం బయటి ముఖం బండి మధ్యగీతకు దాదాపు 1.45 మీటర్ల దూరంలో ఉంటుంది. టరెట్ పక్క పలక అంతకంటే అర మీటరు పైనే లోపలికి ఉంటుంది. కెమెరా 10 మీటర్ల దూరంలో ఉండి, ఈ తేడా 0.6 మీటర్లు అనుకుంటే, టరెట్ ఫొటోలో 6 శాతం చిన్నదిగా పడుతుంది. 20 మి.మీ. పలకలో అది 1.2 మి.మీ. కట్టాక టరెట్ పొట్టిగా, నలిగినట్టు కనిపించేది అందుకే.

లెక్కల కన్నా నమ్మకమైన దారి ఒకటుంది. దళసరి అట్టతో (పెళ్లి కార్డు అట్ట భేషుగ్గా ఉంటుంది) టరెట్ నమూనా చేసి హల్ (ట్యాంకు కింది శరీరం) మీద పెట్టండి. ఫోన్ కెమెరాను మోడల్‌కు 28-30 సెం.మీ. దూరంలో పెట్టండి. 10 మీటర్లను 35తో భాగిస్తే వచ్చేది అదే. నిలబడి తీసిన ఫొటో అనిపిస్తే లెన్స్ నేలకు 4.5 సెం.మీ. ఎత్తులో ఉండాలి. పాత ఫొటో ఏ మూల నుంచి తీశారో ఆ మూల నుంచే తీసి, రెండింటినీ ఫోన్లోనే ఒకదానిపై ఒకటి సగం పారదర్శకంగా వేసి చూడండి. చక్రాలు, ముందు ఏటవాలు పలక ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా కెమెరా జరపండి. అవి కుదిరాక టరెట్ అంచులు ఎక్కడ తప్పాయో అదే చెప్తుంది. అట్ట కత్తిరించి మళ్లీ తీయండి. మూడు నాలుగు అట్ట టరెట్లు చెత్తబుట్టలోకి పోతాయి, పోనివ్వండి. షీట్ పోయేకన్నా అట్ట పోవడం నయం.

వాలు పలకల విషయంలో మరో మాట. డ్రాయింగులో కనిపించే నిలువు ఎత్తుకే పలక కోయకూడదు. నిలువు ఎత్తు 20 మి.మీ., వాలు 25 డిగ్రీలైతే పలక 22.1 మి.మీ. ఉండాలి. నిలువును ఆ కోణం కొసైన్‌తో భాగించాలి.

ఇదే తుపాకీ ఉన్న జర్మన్ విమాన విధ్వంసక ట్యాంకు విర్బెల్‌విండ్ టరెట్ విడిగా దొరుకుతుంది కదా, అది తగిలించేద్దామని మాత్రం అనుకోకండి. అది సాగాన్‌లో ఓస్ట్‌బావు ఫ్యాక్టరీ కట్టిన తొమ్మిది ముఖాల టరెట్, కొలతకు కోసిన 16 మి.మీ. పలకలు. మనది ఒక దళం తన వర్క్‌షాపులో దొరికినవాటితో నిలబెట్టింది. రెండింటి పోలికే వేరు.

సూదిమందు:
తుపాకీ గురించి నేను చెప్తాను అన్నా.

మూడు కాళ్ల పీట నేల మీద నిలబెట్టడానికి, లెవెల్ చేయడానికి ఉన్నది. టరెట్లో దానికి పని లేదు. కాళ్లు మొదలంటా కోసేసి, మధ్యలో తిరిగే భాగం నుంచి పైకి ఉన్నదే వాడండి. టీ-34 రింగ్ 1420 మి.మీ., 1/35లో 40.6. కిట్‌లో వచ్చే టరెట్ కింది భాగం పారేయొద్దు. హల్‌లో సరిగ్గా కూర్చునే రింగ్ అదే. దాని మీద 1 మి.మీ. షీట్‌తో గుండ్రటి పళ్లెం అతికిస్తే టరెట్ అడుగు తయారు. మధ్యలో తుపాకీ, చుట్టూ పలకలు.

పలకలు అతికించకముందే తుపాకీని పళ్లెం మీద పెట్టి మూడు స్థితుల్లో చూసుకోవాలి. బ్యారెళ్లు అడ్డంగా ఉన్నప్పుడు ముందు పలక అంచు తగలకూడదు. అసలు తుపాకీ మైనస్ 10 డిగ్రీల దాకా కిందికి వంగుతుంది, టరెట్లో అంత వంగకపోయినా ఫర్వాలేదు. 90 డిగ్రీలు లేపినప్పుడు వెనక భాగాలు పళ్లేనికి గుద్దుకుంటే కింద 1 మి.మీ. దిమ్మ వేయండి. ఇంకోటి, ఇంజిన్ మూత ఎత్తుగా ఉంటుంది. టరెట్ వెనక్కి పొడుచుకొస్తే దానికి రాసుకుంటుంది. ఒక చుట్టు తిప్పి చూడండి.

మ్యాగజైన్లు ఎటువైపో చాలామంది తప్పు చేస్తారు. ఒంటి బ్యారెల్ ఫ్లాక్ 38కి ఎడమ నుంచి పెడతారు. వీర్లింగ్‌లో ఎడమ జతకు ఎడమ నుంచి, కుడి జతకు కుడి నుంచి, అంటే రెండు వైపులా బయటికే. ఒక్కో మ్యాగజైన్లో 20 గుళ్లు. అంటే పక్క పలకకూ తుపాకీకీ మధ్య మ్యాగజైన్ లాగేంత, మనిషి చెయ్యి ఆడేంత చోటు ఉండాలి. మీ అట్ట నమూనా సరైందో కాదో చెప్పే గట్టి పరీక్ష ఇదే. మ్యాగజైన్ బయటికి రావడం లేదంటే టరెట్ ఇరుకుగా కట్టినట్టే. పెడళ్లు కూడా రెండు ఉంటాయి, ఒక్కోటీ ఎదురెదురు మూలల్లోని జతను పేలుస్తుంది. పైకప్పు లేని టరెట్ కాబట్టి అవి కనిపిస్తాయి, వదిలేయొద్దు.

బ్యారెళ్లకు మెడికల్ షాపులో దొరికే 20 గేజ్ ఇంజెక్షన్ సూది తీసుకోండి. బయట 0.9 మి.మీ., లోపల 0.6. అసలు తుపాకీ కన్నం 20 మి.మీ.ని 35తో భాగిస్తే 0.57, కాబట్టి కన్నం డ్రిల్ చేసే పనే లేదు. ప్లయర్‌తో తుంచితే మూతి నొక్కుకుపోతుంది. రోటరీ టూల్‌కు డైమండ్ డిస్క్ పెట్టి కోయండి, కళ్లద్దాలు తప్పనిసరి. మూతి దగ్గరి శంకువు కిట్‌లోదే కోసి, 0.9 డ్రిల్ వేసి తొడగండి. ఏబర్ కంపెనీ ఇత్తడి బ్యారెళ్లు కొనగలిగితే ఈ బాధే ఉండదు, నాలుగు కావాలి కాబట్టి ధర చూసుకోండి.

నాలుగూ సమాంతరంగా లేకపోతే ఎంత బాగా రంగు వేసినా ముందు కంటికి ఆనేది అదే. అట్టలో నాలుగు కన్నాలు పొడిచి జిగ్ (బ్యారెళ్లను వరసలో పట్టి ఉంచే చట్రం) చేయండి, కన్నాల మధ్య దూరం కిట్ తుపాకీ నుంచే తీసుకోండి. బ్యారెళ్లను అందులోంచి దూర్చి ఆరాల్డైట్‌తో అతికించండి. ఫెవిక్విక్ వద్దు, సర్దుకోవడానికి టైమ్ ఇవ్వదు.

మాసబ్‌ట్యాంక్_కట్టర్:
షీట్ విషయం. సన్‌బోర్డ్ అంటే నురుగు పీవీసీ. ఎక్స్‌ట్రా థిన్ (ప్లాస్టిక్‌ను కరిగించి అతికే టామియా పలుచటి జిగురు) దాన్ని కరిగించదు, కోసిన అంచు స్పాంజిలా ఉంటుంది. ఉక్కు పలకకు అస్సలు పనికిరాదు. అడగాల్సింది హై ఇంపాక్ట్ పాలిస్టైరీన్, షాపుల్లో 'హిప్స్ షీట్' అంటారు. ఆర్కిటెక్చర్ పిల్లలు మోడళ్లకు కొనే స్టేషనరీ షాపుల్లో, యాక్రిలిక్ షీట్లు అమ్మే చోట్ల అడగండి. 0.5, 1 మి.మీ. రెండూ తీసుకోండి.

ఏది ఇచ్చారో అనుమానమైతే గ్లాసు నీళ్లలో ఉప్పు ఇక కరగనంత వేసి చిన్న ముక్క పడేయండి. స్టైరీన్ తేలుతుంది, గట్టి పీవీసీ మునుగుతుంది. నురుగు పీవీసీ కూడా తేలుతుంది కానీ అది చూస్తేనే తెలిసిపోతుంది. బ్లేడుతో గీత పెట్టి వంచితే స్టైరీన్ గీత వెంబడే విరుగుతుంది, విరిగిన చోట తెల్లబారుతుంది. షీట్ దొరికేదాకా ప్రాక్టీసుకు అడుగున త్రిభుజంలో 6 అంకె ఉన్న పెరుగు డబ్బాలు చాలు, అవీ స్టైరీనే.

పలకలకు 0.5 వాడండి. 1 మి.మీ. అంటే అసలులో 35 మి.మీ. ఉక్కు. పైకప్పు లేని టరెట్లో పలక అంచు మందం అందరికీ కనిపిస్తుంది, అక్కడ దొరికిపోతాం.

కొలబద్ద_35:
0.5 సరే. కానీ మూలల్లో లోపలి నుంచి 1×1 మి.మీ. పట్టీలు వేయకపోతే వారంలో వంకర తిరుగుతుంది. జిగురు ఎక్కువ పూయడమే దానికి కారణం, పలక లోపల ఇంకిన ద్రావకం రోజుల తరబడి బయటికి వస్తూ లాగుతుంది. అతుకు వెంబడి బ్రష్ ఒక్కసారి తాకిస్తే చాలు, అదే పాకుతుంది.

శేరిలింగంపల్లి_స్ప్రూ:
చాలా ఉపయోగం. అట్ట నమూనాతోనే మొదలుపెడతాను. వెల్డింగ్ గీతలకు ఎం-సీల్ సన్నటి తాడులా చేసి పెడితే సరిపోతుందా? లోపల ఖాళీ హల్ కనిపించడం సంగతేంటి?

నిప్పుకోడి:
ఎం-సీల్ పని చేస్తుంది కానీ అంత సన్నటి తాడు తీయడం కష్టం, ఎండాకాలంలో తీసేలోపే బిగుసుకుంటుంది. వెల్డ్ గీత అసలులో 12-15 మి.మీ. అనుకున్నా మోడల్లో 0.35-0.45 మాత్రమే. దానికి సాగదీసిన స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) మేలు. కిట్ చట్రం ముక్కను కొవ్వొత్తి మంట పైన (మంటలో కాదు) తిప్పుతూ, మెత్తబడగానే పక్కకు తీసి లాగండి. 0.4 మందం ఉన్న భాగం కత్తిరించి అతుకు మీద పరిచి, ఎక్స్‌ట్రా థిన్ రెండు పూతలు వేయండి. ఒకటి రెండు నిమిషాలకు వెన్నలా మెత్తబడుతుంది. అప్పుడు సూది మొనతో ఒకదాని పక్కన ఒకటి చంద్రవంక నొక్కులు పెట్టుకుంటూ పోవాలి. మొనకు ప్లాస్టిక్ అంటుకుని లేస్తోందంటే తొందరపడినట్టు, నొక్కు దిగడం లేదంటే ఆలస్యమైనట్టు. ఒక రోజు ఆరనివ్వండి.

ఇక్కడ ఒక మాట. ఎడాపెడా కట్టిన బండి కదా అని ప్రతి అతుకునూ పుండులా చేసేస్తుంటారు. 653 దళం వర్క్‌షాప్ పెద్ద పెద్ద ఎలిఫెంట్లను మరమ్మతు చేసింది, వెల్డర్లు పనివాళ్లే. మొరటుదనం పలక అంచుల్లో చూపించండి, గ్యాస్‌తో కోసిన గరుకు గీతల్లో. అంచుకు జిగురు తడిపి పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే వస్తుంది. వెల్డ్ గీత నిదానంగానే పోవాలి.

లోపలి సంగతికి వస్తే, తుపాకీ కూర్చున్నాక పళ్లెం చుట్టూ మిగిలే సందు తక్కువే. పళ్లెం అంచుదాకా మూసేస్తే హల్ లోపల ఏమీ కట్టక్కర్లేదు. హల్ అడుగున పాత కిట్లలో మోటారు కోసం వదిలిన కన్నాలుంటే మాత్రం మూయండి, కింద నుంచి వెలుతురు వస్తే ఖాళీ డబ్బా అని తెలిసిపోతుంది. టరెట్ లోపలి గోడలకు మ్యాగజైన్ పెట్టెలు నాలుగైనా తగిలించండి, బోసిగా ఉంటే బాగోదు.

సూదిమందు:
ట్రాకుల గురించి ఎవరూ అనలేదు. టీ-34కి పైన రిటర్న్ రోలర్లు (ట్రాక్‌ను పైన మోసే చిన్న చక్రాలు) లేవు, ట్రాక్ బరువుతో చక్రాల మీద పడుకుంటుంది. వినైల్ ట్రాక్ బిర్రుగా గాలిలో నిలబడితే బొమ్మ బండిలా ఉంటుంది. చక్రాల నడినెత్తిన ఫెవిక్విక్ చుక్క పెట్టి, పైన పుల్లతో ఆరేదాకా నొక్కి పట్టండి.

మాసబ్‌ట్యాంక్_కట్టర్:
రంగు దగ్గర హైదరాబాద్‌లో రెండు కాలాలు, రెండు తలనొప్పులు. మేలో టామియా యాక్రిలిక్ ఎయిర్‌బ్రష్ మూతి దగ్గరే ఎండిపోయి పొడిలా రాలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బదులు టామియా సొంత థిన్నర్ తీసుకుని, నాలుగైదు చుక్కల రిటార్డర్ (ఆరడం నెమ్మదింపజేసే ద్రవం) కలిపి, 15 పీఎస్‌ఐ దగ్గర కొట్టండి. జూలై, ఆగస్టుల్లో గొట్టంలో నీరు చేరి మధ్యలో చుక్కలు కక్కుతుంది, గాలిలోని నీటిని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ లేకుండా మొదలుపెట్టొద్దు. ల్యాకర్ క్లియర్ వాన రోజున కొడితే పాలలా తెల్లబడుతుంది. పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ బ్రష్ కడగడానికే, మోడల్ మీద పడితే ప్లాస్టిక్ తినేస్తుంది.

టరెట్, తుపాకీ వేరువేరుగా రంగు వేసి చివర్లో కలపండి. కలిపాక లోపలి మూలలకు బ్రష్ చేరదు. పసుపుకు టామియా ఎక్స్‌ఎఫ్-60 (డార్క్ ఎల్లో), లోపల కూడా అదే. పలకలు తలో బండివి కదా అని ఒక్కోటీ ఒక్కో రంగు వేయాలనిపిస్తుంది. అట్లా చేస్తే అతుకుల బొంతలా తయారవుతుంది. కట్టాక మొత్తానికి ఒకే పసుపు కొట్టారనుకుని, రాపిడి పడే పై అంచుల్లో మాత్రం కింది రంగు కొద్దిగా తొంగిచూసేలా హెయిర్ స్ప్రే పద్ధతిలో (రెండు రంగుల మధ్య హెయిర్ స్ప్రే కొట్టి, పై రంగును తడిపి) గీకండి.

శేరిలింగంపల్లి_స్ప్రూ:
మొదటి అట్ట టరెట్ పెట్టి చూశాను. మ్యాగజైన్ కుడివైపు బయటికి రావడం లేదు, ఎడమవైపు వస్తోంది.

సూదిమందు:
అయితే టరెట్ ఇరుకు కాదన్నా, తుపాకీ మధ్యగీత తప్పింది. పళ్లెం మీద రెండు వ్యాసాలు గీసి, అవి కలిసే చోట కన్నం పెట్టి మళ్లీ చూడండి.