కృష్ణ పదార్థానికీ చైతన్యానికీ సంబంధం ఉందా?

పర్లాకిమిడి నుంచి ప్రశ్న: మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నప్పుడు ఒక మిత్రుడు, విశ్వంలో సుమారు 27 శాతమున్న, కంటికి కనబడని కృష్ణ పదార్థమే (డార్క్ మ్యాటర్) చైతన్యానికి ఆధారమనీ, క్వాంటం భౌతికశాస్త్రం దాన్ని నిరూపించిందనీ గట్టిగా వాదించాడు. ఇందులో నిజమెంతండీ?

గుణుపురం నుంచి: అటువంటి నిరూపణ లేదండీ. గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాలు, కనబడే పదార్థాన్ని బట్టి ఊహించినదానికన్నా వేగంగా తిరుగుతున్నాయని 1970లలో ఖగోళ శాస్త్రవేత్త వేరా రూబిన్ పరిశీలనలు చూపడంతో కృష్ణ పదార్థం ఉందన్న వాదనకు బలం చేకూరింది కానీ, గురుత్వాకర్షణ ద్వారా తప్ప అది ఇంతవరకు మరే విధంగానూ పట్టుబడలేదు. కాంతినే పట్టించుకోని పదార్థం, విద్యుత్ రసాయన సంకేతాలతో నడిచే నాడీకణాలను ఎలా కదిలిస్తుందో మీ మిత్రుణ్ణే అడగండి.

సిరొంచ నుంచి: నాడీకణాల్లోని మైక్రోట్యూబ్యూళ్లలో (అతి సన్నని ప్రొటీన్ గొట్టాల్లో) క్వాంటం స్థితులు కూలడమే చైతన్యానికి మూలమని 1990లలో భౌతిక శాస్త్రవేత్త పెన్‌రోజ్, మత్తువైద్యుడు హామెరాఫ్ ప్రతిపాదించారు కదా?

గుణుపురం నుంచి: ప్రతిపాదించారు, అయితే అందులో కృష్ణ పదార్థం ప్రసక్తే లేదు. వెచ్చని మెదడులో అటువంటి స్థితులు మహా అయితే సెకనులో పది లక్షల కోట్లవ వంతు నిలుస్తాయని 2000లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టగా, హామెరాఫ్ పక్షం ఆ లెక్కను సవాలు చేసింది. వివాదం ఇంకా తేలలేదు. అసలు క్వాంటం భౌతికశాస్త్రంలో వాడే ‘పరిశీలన’ అనే మాటే మీ మిత్రుణ్ణి తికమక పెడుతోందని నా అనుమానం. పరికరంతో జరిగే కొలత కూడా పరిశీలనే, దానికి చూసే మనసు అక్కరలేదు.

పర్లాకిమిడి నుంచి: ఆ నాడీకణాల ప్రశ్న ఈ ఆదివారమే అడుగుతాను.