కౌంటీ సైట్‌లో నా కేసే లేదంటోంది, సర్టిఫైడ్ కాపీ ఎలా తెచ్చుకోవాలి?

నిద్రపట్టని_నాని:
పొద్దున్నుంచీ ఇదే పని. కౌంటీ సైట్‌లో పేరు కొడితే రికార్డులు లేవంటోంది. ఇంటిపేరు ముందు పెట్టి చూశా, వెనక పెట్టి చూశా, మధ్య పేరు తీసేసి చూశా. పేసర్ అనే కోర్టు రికార్డుల సైట్‌లో అకౌంట్ తెరిచా, అక్కడా లేదు. ఒక ప్రైవేటు సైట్ ముప్పై డాలర్లు లాగేసి నా పాత అడ్రసులు నాకే చూపించింది. కేసు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు డిస్పొజిషన్, అంటే కేసు చివరికి ఏమైందో చూపే కాగితం, కోర్టు ముద్రతో సర్టిఫైడ్ కాపీ కావాలి. అయిపోయిన కేసుల రికార్డు తీసేస్తారా? నెలాఖరులోపు కావాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మూడోనంబరు_బస్సు:
ఏ స్టేటు? ఏ ఊరు? ఏ సంవత్సరం? ఏం కేసు? ఇవేవీ లేకుండా ఏం చెప్పాలి?

పల్నాటి_ప్లీడరు:
డిస్పొజిషన్ అంటున్నారంటే విడాకుల డిక్రీ అయ్యుంటుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి నాని గారూ, అక్కడి క్లర్కు ముద్ర వేసిన కాపీ తెచ్చినంత మాత్రాన ఇండియాలో పని జరగదు. 1991లో సుప్రీం కోర్టు ముందుకు ఇలాంటిదే వచ్చింది. తిరుపతిలో పెళ్ళి, మిస్సోరీలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు. అక్కడి డిప్యూటీ క్లర్కు సర్టిఫై చేసిన జిరాక్సు దాఖలు చేశారు. జిరాక్సు కావడం తప్పు కాదు గానీ, అమెరికాలోని మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి సాక్ష్యంగా చెల్లదు అంది సుప్రీం కోర్టు. ఎవిడెన్స్ యాక్టు 86వ సెక్షను. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అసలు ఆ డిక్రీయే ఇక్కడ చెల్లుతుందా అన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షను కిందకి వస్తుంది, అది వేరే పురాణం. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళికి అక్కడి కోర్టు ఏ కారణం మీద విడాకులిచ్చింది, రెండోవాళ్ళు ఇష్టపూర్వకంగా హాజరయ్యారా లేదా అన్నవి చూస్తారు. అపోస్టిల్, అంటే కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేయించే ధ్రువీకరణ, దాని సంగతి కూడా చెప్తాను...

మూడోనంబరు_బస్సు:
విడాకులని ఆయన అనలేదు సార్.

చలిదేశం_చిన్నోడు:
మా ఇంగ్లండులో అయితే కౌంటీ కోర్టు అంటే సివిల్ కోర్టే. 2014 ఏప్రిల్ నుంచి దేశమంతటికీ పేరుకి ఒకటే కౌంటీ కోర్టు. క్రిమినల్ కేసులు అక్కడికి పోవు. ముందు ఏ దేశమో చెప్పండి బ్రో.

గుంటూరు_గోపాలం:
పేసర్ అన్నాడుగా, అమెరికా అని తెలియట్లా? కౌంటీ అంటే జిల్లా, కౌంటీ కోర్టు అంటే జిల్లా కోర్టు. జిల్లా కోర్టు సైట్‌కి వెళ్ళి చూసుకోమను.

కాగితాల_కామాక్షి:
గోపాలం గారూ, ఆ అనువాదమే కొంప ముంచుతుంది. టెక్సాస్‌లో కౌంటీ కోర్టు వేరు, డిస్ట్రిక్ట్ కోర్టు వేరు. రెండూ ఒకే భవనంలో ఉన్నా రికార్డులు ఇద్దరు వేర్వేరు క్లర్కుల దగ్గర ఉంటాయి. ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు ఇంకొకటి, పేసర్‌లో కనిపించేవి ఆ ఫెడరల్ కేసులే. స్టేటు, కౌంటీ, సిటీ కేసుల కోసం పేసర్‌లో ఎంత వెతికినా దొరకవు. పేజీకి 10 సెంట్లు పడుతుంది, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే బిల్లు వెయ్యరు కాబట్టి నాని గారికి డబ్బులేం పోయి ఉండవు. ప్రైవేటు సైట్లు మాత్రం ఎంత కట్టినా సర్టిఫైడ్ కాపీ ఇవ్వలేవు. అది కోర్టు క్లర్కు మాత్రమే ఇవ్వగలరు.

నాని గారూ, స్టేటు, సంవత్సరం చెప్పండి. పోలీసులు అరెస్టు చేశారా, కాగితం చేతికిచ్చి పంపారా? అన్నిటికన్నా అదే ముఖ్యం.

నిద్రపట్టని_నాని:
సారీ, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నా. టెక్సాస్, డాలస్ పక్కన ఒక ఊరు, పేరు వద్దులెండి. 2016. షాపులో బిల్లు పడని వస్తువు సంచిలో ఉండిపోయింది, 40 డాలర్ల లోపే. పోలీసు టికెట్ రాసిచ్చి పంపేశాడు. ఫైను కట్టి, ఆన్‌లైన్ క్లాసు చేశాక కేసు కొట్టేశారు. ఇప్పుడు సిటిజెన్‌షిప్‌కి ఎన్-400 వేస్తున్నా.

గుంటూరు_గోపాలం:
కొట్టేశారుగా, ఇంకేంటి? రాయకు. అరెస్టే లేదు, వేలిముద్రలు లేవు, ఎవడికి తెలుస్తుంది?

కాగితాల_కామాక్షి:
అలా చెప్పకండి. ఆ ఫారంలో అడిగేది అరెస్టు ఒక్కటే కాదు, ఎప్పుడైనా సైటేషన్, అంటే ఇలాంటి పోలీసు టికెట్, ఇచ్చారా అని కూడా అడుగుతారు. మద్యం, డ్రగ్స్ ప్రమేయం లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో పోయిన ట్రాఫిక్ టికెట్లకి కాగితాలు పెట్టక్కర్లేదన్న వెసులుబాటు ఉంది. దొంగతనం టికెట్‌కి అది వర్తించదు. దాచి, తర్వాత బయటపడితే 40 డాలర్ల వస్తువు కన్నా అబద్ధమే పెద్ద నేరమవుతుంది.

ఇక రికార్డు సంగతి. టెక్సాస్‌లో 2015 సెప్టెంబరు 1 నుంచి 100 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ సి, అంటే అన్నిటికన్నా చిన్న నేరం. జైలు లేదు, 500 డాలర్ల వరకు జరిమానా మాత్రమే. అప్పీలుకి పోతే తప్ప క్లాస్ సి కేసు కౌంటీ కోర్టు మెట్లెక్కదు. సిటీ పోలీసు రాస్తే ఆ సిటీ మునిసిపల్ కోర్టుకి పోతుంది. షెరిఫ్ డిప్యూటీ, కాన్‌స్టేబుల్, హైవే ట్రూపర్ రాస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే చిన్న కేసుల కోర్టుకి. కాన్‌స్టేబుల్ అంటే మన కానిస్టేబుల్ కాదండోయ్, అక్కడ ఎన్నికల్లో గెలిచే పదవి. అంతకన్నా పెద్దవైన క్లాస్ ఎ, బి అయితేనే కౌంటీ కోర్టు. ఫెలనీ అనే పెద్ద నేరాలు, విడాకులు అయితే డిస్ట్రిక్ట్ కోర్టు, కాపీలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో క్లాస్ ఎ, బి కూడా డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు, అదొక తిరకాసు.

అంటే మీరు పొద్దున్నుంచీ వెతికింది మీ కేసు ఎప్పుడూ లేని చోట.

ఊరి విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. పోస్టల్ అడ్రసులో ఉన్న ఊరూ, సిటీ హద్దూ ఒకటి కానక్కర్లేదు. ఫ్రిస్కో లాంటి ఊళ్ళు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటాయి. షాపు అడ్రసు చూడకండి, టికెట్ మీద ఏ ఏజెన్సీ పేరుందో అది చూడండి. టికెట్ పోతే ఫైను కట్టినప్పటి కార్డు స్టేట్‌మెంట్ తీయండి, డబ్బు ఎవరికి వెళ్ళిందో అందులో ఉంటుంది.

రికార్డు_రాజు:
కామాక్షి గారు చెప్పింది కరెక్టే. మునిసిపల్ కోర్టు సైట్‌లో కూడా కనిపించకపోతే కంగారు పడొద్దు. జరిమానాతో పోయే కేసుల రికార్డు, శిక్ష ఖరారయ్యాక గానీ డిఫర్డ్ డిస్పొజిషన్ (షరతులు పూర్తిచేస్తే కేసు కొట్టేసే పద్ధతి) మీద కొట్టేశాక గానీ ఐదేళ్ళు గడిస్తే బయటివాళ్ళకి చూపించకూడదని టెక్సాస్ చట్టం. రికార్డు పోయినట్టు కాదు. ముద్దాయికీ ఆయన లాయరుకీ ఇస్తారు. అందుకే ఆన్‌లైన్ వదిలేసి, ఫొటో ఐడీ పట్టుకుని కోర్టు క్లర్కు కిటికీ దగ్గరికి వెళ్ళండి.

సమాచార హక్కు లాంటిది అక్కడా ఉంది, అదీ వేసెయ్యండి, పని త్వరగా అవుతుంది.

మూడోనంబరు_బస్సు:
అవదు. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్టు కోర్టులకి వర్తించదు.

రికార్డు_రాజు:
పోలీసు రిపోర్టుకి వర్తిస్తుందిగా. నేనన్నది అదే.

మూడోనంబరు_బస్సు:
మీరన్నది అది కాదు. పైకి వెళ్ళి చదవండి.

కాగితాల_కామాక్షి:
ఇద్దరూ ఆపండి. పోలీసు రిపోర్టుకి సిటీకి ఆ చట్టం కింద రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి, పది పని దినాల లెక్క అక్కడ ఉంటుంది. కోర్టు కాపీకి నేరుగా క్లర్కునే అడగాలి. అడిగే పద్ధతి ఇది.

ముందు ఫోన్ చేసి, మూసేసిన కేసుల్లో, ఆర్కైవ్‌లో కూడా చూడమనండి. పేరుతో కాదు, పుట్టిన తేదీ, డ్రైవింగ్ లైసెన్సు నంబరుతో వెతకమనండి. మన పేర్లతో వచ్చే చిక్కు అంతా ఇంతా కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి వీసా మీద మొత్తం పేరు ఇంటిపేరు గడిలో పడి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదని) అని వస్తుంది. లైసెన్సులోకీ, అక్కడినుంచి టికెట్‌లోకీ అదే పాకుతుంది. వెంకట, సాయి, శ్రీ లాంటివి విడగొట్టి మధ్య పేరు చేసేస్తారు, లేదా కలిపి రాసేస్తారు.

కేసు నంబరు దొరికాక "డిస్పొజిషన్" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. డాకెట్, అంటే కేసులో ఏ రోజు ఏం జరిగిందో చూపే పట్టిక, ప్రింటు ఒకటి తీసి చేతిలో పెడతారు, దాని మీద ముద్ర ఉండదు. కంప్లయింట్, అంటే అభియోగ పత్రం, డిఫర్డ్ ఆర్డరు, చివర కొట్టేసిన ఆర్డరు, ఈ మూడూ సర్టిఫైడ్ కావాలని అడగండి. ప్రతిదాని మీదా క్లర్కు సంతకం, కోర్టు ముద్ర, తేదీ ఉన్నాయో లేదో కిటికీ దగ్గరే చూసుకోండి. రెండు సెట్లు తీసుకోండి, ఒకటి ఇంటర్వ్యూకి. ఫీజు పెద్దగా ఉండదు, చాలాచోట్ల పేజీల లెక్కన తీసుకుంటారు, కార్డు తీసుకుంటారో మనీ ఆర్డరే కావాలంటారో ఫోన్‌లోనే అడగండి. ఫైలు వేరే గోడౌనులో ఉంటే కొన్ని రోజులు పడుతుంది, నెలాఖరు అంటున్నారు కాబట్టి రేపే మొదలుపెట్టండి.

గడువు తీరి ఫైలు నాశనం చేశామంటే ఉత్త చేతులతో రాకండి. వెతికామనీ, రికార్డు లేదనీ క్లర్కు సంతకం, ముద్రతో లెటరు అడగండి. డిస్పొజిషన్ బదులు ఆ లెటరు పెట్టాలి.

గుంటూరు_గోపాలం:
ఇంత తలనొప్పి ఎందుకు, ఎక్స్‌పంక్షన్ చేయించేస్తే మొత్తం తుడిచిపెట్టుకుపోతుందిగా.

కాగితాల_కామాక్షి:
అదే ఇప్పుడు చెయ్యకూడనిది. తుడిచేశాక కోర్టు కూడా కాపీ ఇవ్వలేదు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి మాత్రం చెప్పక తప్పదు. అప్పుడు కాగితం లేకుండా కథ చెప్పుకోవాలి. ముందు సర్టిఫైడ్ కాపీలు చేతికి రావాలి, ఎక్స్‌పంక్షన్ ఆ తర్వాతి మాట.

ఇంకో విషయం. నేరం ఒప్పుకుని గానీ నోలో కంటెండెరే (ఒప్పుకోను, పోరాడను) అని గానీ ప్లీ, అంటే కోర్టుకి జవాబు, ఇచ్చి, జరిమానా లాంటి శిక్షేదైనా పడితే, కోర్టు తర్వాత కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే, అంటే నేరం రుజువైనట్టే, లెక్కగట్టొచ్చు. అందుకే డిఫర్డ్ ఆర్డరులో ప్లీ ఏమని ఉందో చూడాలి. కాపీలు వచ్చాక, ఫారం పంపేముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకి చూపించండి. చిన్న దొంగతనాలకి మినహాయింపు ఒకటి ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో ఆ కాగితాలు చూసినవాళ్ళే చెప్పగలరు.

బే_ఏరియా_బుజ్జి:
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, ఏమనుకోకండి. నాది కాలిఫోర్నియా, శాంటా క్లారా. విడాకుల జడ్జిమెంట్ కాపీ కావాలి. సైట్‌లో కేసు నంబరు కనిపిస్తోంది గానీ కాగితాలు తెరుచుకోవట్లేదు.

రికార్డు_రాజు:
తెరుచుకోవండీ. అక్కడ ఫ్యామిలీ, క్రిమినల్ కాగితాలు బయటివాళ్ళు ఇంటినుంచి చూడకుండా కోర్టు రూలు ఉంది. కోర్టుకి వెళ్ళి అక్కడి కంప్యూటర్లో చూడాలి. కాలిఫోర్నియాలో కౌంటీకొక సుపీరియర్ కోర్టు, 58 కౌంటీలకి 58, సిటీ కోర్టు, కౌంటీ కోర్టు అన్న గొడవ లేదు. మామూలు కాపీ పేజీకి 50 సెంట్లు, సర్టిఫికేషన్ 40 డాలర్లు, కానీ విడాకుల జడ్జిమెంట్‌కి మాత్రం సర్టిఫైడ్ కాపీ 15 డాలర్లే. కిటికీ దగ్గర 40 అంటే, డిసొల్యూషన్, అంటే విడాకుల రికార్డని గుర్తుచేయండి. నంబరు దగ్గరుండటం మీ అదృష్టం. పది నిమిషాలు దాటి వెతికితే 15 డాలర్లు అదనం.

పల్నాటి_ప్లీడరు:
చూశారా, విడాకుల కేసు రానే వచ్చింది. బుజ్జి గారూ, ఇండియాలో వాడటానికా? అయితే సర్టిఫైడ్ కాపీ మీద స్టేటు సెక్రటరీ ఆఫీసులో అపోస్టిల్ వేయించండి. కాలిఫోర్నియాలో 20 డాలర్లు, టెక్సాస్‌లో 15. 2005 నుంచి ఇండియా ఆ అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. నోటరీ చేయించిన జిరాక్సుని సర్టిఫైడ్ కాపీ అనుకుని తీసుకెళ్ళకండి. నోటరీ మీ సంతకానికి సాక్షి, కోర్టు రికార్డుకి కాదు.

చలిదేశం_చిన్నోడు:
ఎగ్జెంప్లిఫైడ్ కాపీ అంటే ఇదేనా?

పల్నాటి_ప్లీడరు:
కాదు నాయనా. అందులో క్లర్కు కాపీని ధ్రువీకరిస్తాడు, ఆ క్లర్కుని జడ్జి, ఆ జడ్జిని మళ్ళీ క్లర్కు. మూడు ముద్రలు. వేరే స్టేటు కోర్టులో డిక్రీ నమోదు చేయించేటప్పుడు అడుగుతుంటారు.

నిద్రపట్టని_నాని:
మునిసిపల్ కోర్టుకి ఫోన్ చేశా. ఉందట. మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని ఉందట. గురువారం వెళ్తున్నా. థాంక్స్.

మూడోనంబరు_బస్సు:
ఊరూ సంవత్సరం మొదటే చెప్పుంటే ఒక్క జవాబుతో అయిపోయేది.

బే_ఏరియా_బుజ్జి:
ప్లీడరు గారూ, నాది 2019 జడ్జిమెంట్, సర్టిఫైడ్ కాపీ అప్పుడే ఒకటి తీసిపెట్టుకున్నా, ఎక్కడో ఉంది. అపోస్టిల్‌కి పాతది పనికొస్తుందా, మళ్ళీ కొత్తది తీయాలా?