బొహీమియన్ రాప్సొడీ కోరస్‌లా గొంతులు పేర్చడం ఎలా?

అందరికీ నమస్కారం. బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ 1975లో చేసిన ‘బొహీమియన్ రాప్సొడీ’ మధ్యలో వచ్చే ఆపెరా ముక్క అంటే నాకు ప్రాణం. పెద్ద కోరస్ పాడుతున్నట్టు ఉంటుంది గానీ పాడింది ముగ్గురే: ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్. అన్నిటికంటే పైన వినిపించే ఆ సన్నటి గొంతు రోజర్‌ది. అప్పటి టేపు మీద 24 ట్రాకులే (విడివిడిగా రికార్డు చేసుకునే వరుసలు). అవి నిండగానే కొన్నిటిని కలిపి ఒకచోటికి ఎక్కించి, ఖాళీ అయిన ట్రాకుల మీద మళ్లీ పాడేవారు. అలా దాదాపు మూడు వారాలు! టేపు అరిగిపోయి, వెలుతురుకి పట్టుకుంటే అవతలి వైపు కనిపించేదట.

ఇప్పుడు నేను, మా తమ్ముడు, ఒక ఫ్రెండ్ కలిసి ల్యాప్‌టాప్‌లో ఒకే మైక్‌తో ఆ ‘గెలీలియో’ ముక్క పాడుతున్నాం. ఫ్యాన్ ఆపేసి, గోడలకి దుప్పట్లు కూడా వేలాడదీశాం. ఆరు పొరల వరకు చాలా బాగుంది. ఇరవై దాటేసరికి మాటలు కలిసిపోయి ముద్దలా అవుతోంది. ‘స’ అక్షరం వచ్చిన ప్రతిచోటా బుస్సుమని పాము శబ్దం.

ప్రతి వరుసా ముగ్గురం మైక్ చుట్టూ నిలబడి కలిసి పాడాలా, విడివిడిగానా? పొర మారినప్పుడల్లా మైక్‌కి దూరం మార్చాలా? ‘స’ని ఒక్కరే పలికి మిగతావాళ్లు మింగేస్తే సరిపోతుందా? చర్చి కోయిర్‌లోగానీ స్టూడియోలోగానీ పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. రెండు నెలలుగా దీని మీదే కూర్చున్నాం.